వడగండ్ల వాన వస్తుందని ముందే తెలిస్తే పంటను కాపాడుకోవచ్చా?

ముందే తెలిసి ఏం చేస్తారండీ? మూడెకరాల వరికి గొడుగు పడతారా?

మాది జగిత్యాల దగ్గర పల్లె, కాలువ కింది వ్యవసాయం. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి రోడ్లు వడగండ్ల రాళ్లతో తెల్లబడ్డ వీడియోలు చూసి ‘కాశ్మీర్ లెక్కుంది’ అని నవ్వినోళ్లలో నేనూ ఉన్నా. ఏప్రిల్ ఆఖర్లో మా వంతు వచ్చింది. కోతకు ఇంకో వారమే ఉంది, హార్వెస్టర్ కూడా మాట్లాడుకున్నాం.

హెచ్చరిక రాలేదా అంటే, వచ్చింది. సాయంత్రం ఫోన్‌లో దామిని యాప్ మోగింది. అది పిడుగుల కోసం. చెట్టు కిందున్న మనిషి ఇంటికి ఉరకడానికి పనికొస్తుంది. వరి ఉరకదు కదా.

ముందు గాలి. కొట్టం రేకు ఒకటి లేచిపోయి పక్కోళ్ల మామిడిచెట్టుకు చిక్కుకుంది. ఆ వెంటనే రాళ్లు. ట్రాలీ కంకర రేకుల మీద గుమ్మరించినట్టు చప్పుడు. మా నాయనమ్మ రోకలి తెచ్చి వాకిట్లో పడేసింది. పావుగంటకు ఆగింది. రోకలి వల్లే ఆగిందని ఆమె ఇప్పటికీ అంటుంది.

పొలానికి పోతే వరి పడిపోలేదు, నిలబడే ఉంది. హమ్మయ్య అనుకున్నా. బాపు మాట్లాడకుండా ఒక కంకి పట్టి దూశాడు. అరచేతిలో రెండు గింజలు. మిగతావన్నీ మొదళ్ల దగ్గర, కరగని రాళ్ల మధ్య.

నష్టం రాసుకోవడానికి వచ్చినాయన గట్టు దిగలేదు. ‘చేను మంచిగనే ఉంది కదా, 33 శాతం రాదు’ అన్నాడు. ‘ఒక్కసారి లోపలికి దిగుండ్రి సార్’ అంటే తన బూట్ల వైపు చూసుకున్నాడు. పంట 33 శాతం పోతేనే పరిహారం లెక్క. ఈ 33 కూడా దయే, 2015కు ముందు 50 శాతం పోతేగానీ లెక్కలోకి రాకపోయేది. ఎకరానికి 10 వేల పరిహారమని నెల ముందే ప్రకటించారు, మాకు రూపాయి రాలేదు. కేంద్రం పంట బీమా, అదే ఫసల్ బీమా అందామంటే 2020 నుంచే రాష్ట్రంలో లేకుండా పోయింది.

నన్నడిగితే తెలియాల్సింది వాన తారీఖు కాదు, నాటు తారీఖు. నవంబరు మధ్యలో నారు పోసి డిసెంబరు దాటకుండా నాటేస్తే, 120 రోజుల రకం ఏప్రిల్ మొదట్లోపే కోతకొస్తుంది. మర్పల్లిలో పడింది మార్చి 16నే కదా అంటారేమో, అననివ్వండి. అసలు చిక్కు వేరే ఉంది. ఊళ్లో ఒక్కడే ముందు నాటితే పిట్టలన్నీ వాడి చేను మీదే వాలతాయి. ఊరంతా కలిసి నాటాలంటే కాలువ నీళ్లు టైముకు రావాలి.

వారం తిరిగేసరికి మా పొలంలో రాలిన గింజలు మొలకెత్తాయి. బాపు చూసి ‘ఈసారి ఊర్ల అందరికన్నా ముందు నారు మనదేరా’ అని, గొర్ల మందను పిలిచి తోలించాడు.