యజమాని కాంట్రాక్టు రద్దు చేస్తే సైటు ఖాళీ చేయకుండా ఉండవచ్చా?

స్థలం ఆలస్యంగా అప్పగించిన యజమానే జాప్యానికి కారణం మీరంటూ కాంట్రాక్టు రద్దు చేశారని, సైటు విడవకుండా పోరాడవచ్చా అని మీరు అడిగారు. కాంట్రాక్టర్ల తరఫున బిల్లులు, క్లెయిములు చూసే ఉద్యోగంలో ఇలాంటి రద్దులను దగ్గరగా చూశాను కనుక చెబుతున్నాను: సైటును పట్టుకుని కూర్చోవద్దు. రద్దు చెల్లదని, మీ హక్కులేవీ వదులుకోవడం లేదని వెంటనే రాతపూర్వకంగా తెలియజేసి, ఆ తరువాతే ఖాళీ చేయండి. రద్దు అక్రమమని తేలినా సాధారణంగా దక్కేది నష్టపరిహారమే. పని మళ్లీ మీ చేతికి రావడం చాలా అరుదు.

ఖాళీ చేసే ముందు ఉమ్మడి కొలతలు, అంటే అప్పటిదాకా జరిగిన పనిని ఇరుపక్షాలూ కలిసి కొలవడం, తప్పక జరగాలి. నా అనుభవంలో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. కాంక్రీటు పోసిన స్లాబు గురించి ఎవరూ వాదించరు. ఊచలు కట్టి కాంక్రీటు పోయని స్లాబు, కోసి వంచి పక్కన పేర్చిన ఇనుము, సైటుకు చేరినా బిల్లులో ఎక్కని సామగ్రి, వీటి దగ్గరే తగవు మొదలవుతుంది. కొత్త కాంట్రాక్టరు ఆ ఊచల మీద కాంక్రీటు పోశాక అవి ఎవరు కట్టినవో చూపించడం దాదాపు అసాధ్యం. అందువల్ల తేదీతో కూడిన ఫోటోలు తీయించి, కొలతల పుస్తకంలో ప్రతి పేజీ మీద ఇరుపక్షాల సంతకాలు తీసుకోండి. వారు రాకపోతే, ఫలానా రోజున కొలతలకు పిలిచామన్న లేఖ, అందినట్టు రసీదు మీ దగ్గర ఉండాలి.

ఇక నోటీసుల సంగతి. మీ ఒప్పందం ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య) వారి 1999 రెడ్ బుక్ అనే నిర్మాణ కాంట్రాక్టు నమూనాలో ఉంటే, లోపం సరిదిద్దమని 15.1 నిబంధన కింద ఇచ్చే నోటీసు వేరు, 15.2 కింద 14 రోజుల గడువుతో ఇచ్చే రద్దు నోటీసు వేరు. దివాలా, లంచం వంటి సందర్భాల్లో మాత్రమే వెంటనే రద్దు చేయవచ్చు. సరిదిద్దమని అడగకుండానే, సరిదిద్దలేదన్న కారణంతో రద్దు చేస్తే మీ వాదనకు బలం ఉంటుంది. నోటీసు వేరే చిరునామాకు వచ్చిందన్న ఒక్క అభ్యంతరాన్నే నమ్ముకోవద్దు. జిబ్రాల్టర్ విమానాశ్రయ సొరంగం వివాదంలో నోటీసు కాంట్రాక్టరు ప్రధాన కార్యాలయానికి కాక సైటు కార్యాలయానికి వెళ్లినా, అది నిజంగా అందింది కాబట్టి రద్దు చెల్లుతుందని 2014లో లండన్ న్యాయస్థానం తీర్పునిచ్చింది.

అసలు వాదనకు ప్రాణం, స్థలం ఆలస్యమైన రోజుల్లో మీరు గడువు పొడిగింపు కోరుతూ రాసిన లేఖలు. ఫిడిక్ 20.1 నిబంధన ప్రకారం విషయం తెలిసిన 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అలా ఇచ్చి ఉంటే, జాప్యం మీది కాదని, అక్రమంగా రద్దు చేసి ఒప్పందం ఉల్లంఘించింది యజమానేనని చూపించి, మిగిలిన పని మీద రావలసిన లాభాన్ని కూడా అడగవచ్చు.

పని సరిగా చేస్తారన్న హామీగా మీ బ్యాంకు ఇచ్చిన పెర్ఫార్మెన్స్ గ్యారంటీని యజమాని ఏ క్షణంలోనైనా సొమ్ము చేసుకోవచ్చు. అడగగానే చెల్లించే గ్యారంటీ అయితే, మోసం వంటి గట్టి కారణం చూపితే తప్ప న్యాయస్థానాలు ఆపవు. కాబట్టి గ్యారంటీ పత్రం తీసుకుని ఈ వారమే న్యాయవాదిని కలవండి.