కొండలు కదిలేది కనిపెట్టే చదువు: అమ్మాయిని చదివించవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీఎస్సీ జియాలజీ రెండో ఏడాది. అరకు వెళ్లే కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) మీద కొండచరియలు పడ్డాయని విన్నప్పటి నుంచి శాటిలైట్ చిత్రాల్లో ఆ కొండలనే చూస్తూ కూర్చుంటోంది. ఇదే తన ఉద్యోగమంటోంది. వాళ్ల నాన్నకేమో టెన్షన్. మూడు నెలల జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే) కోర్సు చేయించి ఏదో ఒక కంపెనీలో చేర్చేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పీజీ మాత్రం మాన్పించకండి. ఆ చిన్న కోర్సుతో మ్యాప్ గీయడం వస్తుంది. కొండ మీద కనిపించే ఎర్రమచ్చ చరియ జారిన చోటా, పోడు కోసం కొట్టిన చోటా, క్వారీయా అన్నది తేల్చడం రాదు. ఒక్కరోజు చిత్రంలో ఈ మూడూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అదే చోటును ఏళ్ల తరబడి వరసగా చూస్తేనే తేడా బయటపడుతుంది. పోడు మచ్చ ఎండాకాలంలో పుట్టి వానలకు పచ్చబడుతుంది. క్వారీ ఏటేటా పెరుగుతుంది. చరియ మచ్చ వానల్లో పుట్టి, వాలు వెంట కిందికి సాగుతుంది. పచ్చదనం తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. ఆ వాలే ఎందుకు జారిందో చెప్పాలంటే, మన తూర్పు కనుమల ఖోండలైట్ రాయి శిథిలమై ఎర్రమట్టిగా ఎలా మారుతుందో తెలియాలి. అది జియాలజీ నేర్పేదే.

వానాకాలంలో మబ్బులు అడ్డం కాబట్టి మామూలు చిత్రాలు చాలవు. సెంటినెల్-1 లాంటి రాడార్ ఉపగ్రహాలు మబ్బుల్లోంచి కూడా చూస్తాయి. రెండు తేదీల రాడార్ సంకేతాలను పోల్చి, నేల మిల్లీమీటర్ల లెక్కన జరిగినా పట్టే పద్ధతిని ఇన్‌సార్ అంటారు. దట్టమైన అడవిలో ఆ ఉపగ్రహం వాడే సీ-బ్యాండ్ తరంగాలు ఎక్కువగా ఆకుల దగ్గరే చెదిరిపోతాయి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన, నాసా-ఇస్రో కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం నిసార్‌లోని పొడవైన ఎల్-బ్యాండ్ తరంగం ఆకులను దాటి ఇంకా లోతుకు వెళ్తుంది, 12 రోజులకోసారి అదే చోటికి తిరిగొస్తుంది. మీ అమ్మాయి మంచి సమయంలోనే ఇటు చూస్తోంది. అయితే ఒక్కటి తనకు ముందే చెప్పండి: నెమ్మదిగా జారుతున్న వాలును ఇది పట్టగలదు కానీ, కుండపోత వానకు ఒక్కసారిగా విరిగిపడే చరియను ముందుగా చెప్పలేదు.

ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని లేవు, వాళ్ల నాన్న భయం నిజమే. కానీ దారులున్నాయి. దేశంలో కొండచరియల అధ్యయనానికి నోడల్ సంస్థ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. దానిలో జియాలజిస్టు కావాలంటే జియాలజీలో గానీ అనుబంధ శాఖలో గానీ పీజీ చేసి, యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లోని ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) 2023లో విడుదల చేసిన కొండచరియల అట్లాస్‌లో 1998 నుంచి 2022 వరకు జారిన సుమారు 80 వేల చరియలున్నాయి. అలాంటి పని మీద మనసుంటే, ఎంఎస్సీ తర్వాత దెహ్రాదూన్ ఐఐఆర్ఎస్‌ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్)లో ఎంటెక్ చూడండి. ఆ డిగ్రీ ఇచ్చేది మన ఆంధ్రా యూనివర్సిటీయే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పటి నుంచే నేర్పించండి, ఆయనకూ కొంత ధైర్యంగా ఉంటుంది.

ఈ సెలవుల్లో ఐఐఆర్ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సు ఒకటి చేయించండి. డబ్బు కట్టక్కర్లేని మ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో, 2015 నుంచి దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో అనంతగిరి, త్యాడ వైపు వాలుల మీద మచ్చలు గుర్తించి, ఏది ఏ సీజన్‌లో పుట్టిందో రాయమనండి. వానలు తగ్గాక వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వెళ్లి, రోడ్డు మీద నుంచే ఆ చోట్లు చూసి సరిపోల్చుకోమనండి.