తుపాను తర్వాత సూర్యలంకలో కార్తీక స్నానం చేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు, బ్రాడీపేట. ఏటా కార్తీక పౌర్ణమికి సూర్యలంక వెళ్లి సముద్ర స్నానం చేస్తాం. తుపాను తీరం దాటి ఆరు రోజులైంది. అప్పుడు మూసిన బీచ్‌ను మళ్లీ తెరిచారు. పౌర్ణమి ఇంకా మూడు రోజులుంది. నీళ్లు మాత్రం ఎర్రగానే ఉన్నాయంటున్నారు. మా అమ్మకు 64 ఏళ్లు, పదేళ్లుగా షుగర్, మడమలు పగిలి ఉంటాయి. మా బాబుకు ఆరేళ్లు, కర్ణభేరికి చిల్లు ఉంది. వెళ్లొచ్చా? లేదంటే విజయవాడలో కృష్ణా స్నానం చేయించమంటారా?
– ఓ పాఠకుడు

జవాబు: నన్నడిగితే పౌర్ణమికి కాకుండా ఓ వారం ఆగి వెళ్లండి. అప్పటికీ కార్తీకం అయిపోదు, సోమవారమూ దొరుకుతుంది. పౌర్ణమికే వెళ్లాలనుకుంటే మాత్రం మీ అమ్మగారు నీళ్లలో కాలు పెట్టకూడదు, బాబు తల ముంచకూడదు.

'బీచ్ తెరిచారు' అన్న మాటను నీళ్లు బాగున్నాయన్న మాటగా తీసుకోకండి. తుపాను వేళ మన దగ్గర బీచ్ మూసేది అలల ఉధృతికి. అలలు తగ్గితే తెరుస్తారు. నీళ్లలోని మురికికి వేరే లెక్క ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో పెద్ద వాన పడితే మూడు రోజుల పాటు సముద్రంలో దిగొద్దని ఆరోగ్య శాఖలు చెబుతాయి. హవాయిలో నీళ్లు గోధుమరంగుకు తిరిగితే హెచ్చరిక జారీ చేస్తారు. ఎండ, ఉప్పు, కెరటాల కలగలుపు కలిసి ఆ మూడు రోజుల్లో మలం నుంచి వచ్చే బ్యాక్టీరియాను చాలావరకు తగ్గిస్తాయి. వైరస్‌లు అంత తొందరగా చావవు.

ఈ మూడు రోజుల లెక్కను మన డెల్టాకు ఉన్నదున్నట్టు వాడితే మోసపోతాం. ఇక్కడ నేల పల్లం. వాన ఆగాక కూడా పొలాల్లో నిలిచిన నీరు మురుగు కాలువల్లోంచి రోజుల తరబడి సముద్రంలోకి దిగుతూనే ఉంటుంది. దాంతోపాటు పొంగిన సెప్టిక్ ట్యాంకుల నీరు, పశువుల పేడ, ఎలుకల మూత్రం, చెరువుల మురుగు అన్నీ వస్తాయి. కాబట్టి వాన ఆగిన రోజు నుంచి కాదు, కాలువ ఎర్రనీళ్లు తేవడం ఆగిన రోజు నుంచి మూడు రోజులు లెక్కపెట్టాలి.

పౌర్ణమితో ఇంకో చిక్కుంది. ఆ రోజు పోటు పెద్దది, ఆటు కూడా పెద్దదే. పోటు వేళ కాలువ మూతి దగ్గర నిలబడిపోయిన మురుగు, ఆటు మొదలవగానే ఒక్కసారిగా బయటికి వస్తుంది. కాలిఫోర్నియా బీచ్‌లలో నీటి పరీక్షలు చూసినవాళ్లూ ఇదే గమనించారు: పౌర్ణమి, అమావాస్యల ఆటు వేళ బ్యాక్టీరియా ఎక్కువ. ఓ వారం ఆగమన్నది అందుకే. బహుళ అష్టమి ప్రాంతంలో ఆటుపోట్లు మెత్తబడతాయి, ఈలోగా కాలువలూ తేరుకుంటాయి.

ఎర్రగా ఉన్నంత మాత్రాన నీళ్లు చెడ్డవని కాదు. ఒండ్రుమట్టి రోగం తేదు. అయితే ఆ మట్టి ఎండను లోపలికి పోనివ్వదు కాబట్టి సూక్ష్మక్రిములు ఎక్కువ కాలం బతుకుతాయి. రంగు కంటే మంచి ఆనవాలు గుర్రపుడెక్క. ఉప్పునీటిలో అది వడిలిపోతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన డెక్క ఇంకా పచ్చగా, కాడలు బిగువుగా ఉంటే కాలువ నీరు ఈమధ్యే అక్కడికి చేరిందని అర్థం. ఆ చోట దిగొద్దు. కాలువ మూతి నుంచి కనీసం 400 మీటర్లు దూరం జరిగి, పోటు ఎక్కుతున్న వేళ దిగండి.

మీ అమ్మగారి సంగతి అన్నిటికంటే ముఖ్యం. వెచ్చని ఉప్పునీటిలో విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. వాన నీరు కలిసి ఉప్పదనం తగ్గిన సముద్రం దానికి మరీ అనుకూలం. 2022లో ఇయన్ హరికేన్ తర్వాత ఫ్లోరిడాలో ఈ కేసులు పెరిగాయి. జబ్బు అరుదే, కానీ షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు చిన్న పగులు చాలు, కండ దాకా కుళ్లబెడుతుంది. వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ మడమ మీద నిలవదు, నాలుగడుగులు వేస్తే అంచు లేస్తుంది. షుగర్‌తో పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే గవ్వ గుచ్చుకున్నా ఆమెకు తెలియదు. బూట్లు తీయకుండా పొడి ఇసుకలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇంటి నుంచి తెచ్చిన నీళ్లతో సంకల్పం చెప్పించండి. (ఇంట్లో పచ్చి రొయ్యలు వలిచేది కూడా ఆమే అయితే, చేతికి గాయం ఉన్నప్పుడు ఆ పని మానిపించండి. అదే బ్యాక్టీరియా.)

పొరపాటున తడిస్తే మంచినీళ్లు, సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, రెండు రోజుల పాటు పొద్దునా సాయంత్రం పాదాలు చూడండి. ఎక్కడైనా ఎరుపు కనిపిస్తే బాల్‌పెన్నుతో దాని అంచు చుట్టూ గీసి, పక్కనే టైమ్ రాయండి. గంటలో ఎరుపు ఆ గీత దాటినా, ఊదారంగు బొబ్బలు లేచినా, కనిపించే ఎరుపుకు మించిన నొప్పి ఉన్నా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. 'ఉప్పునీళ్లలో దిగింది' అన్న మాట అక్కడ తప్పక చెప్పాలి. దాన్నిబట్టి ఇచ్చే యాంటీబయాటిక్ మారుతుంది.

బాబు విషయానికొస్తే, పిల్లలు నీళ్లు మింగడంలో పెద్దల్ని మించిపోతారు. ఈతకొలనులో 45 నిమిషాలు ఉన్నవాళ్లను పరీక్షిస్తే పిల్లలు సగటున 37 మిల్లీలీటర్లు, పెద్దలు 16 మిల్లీలీటర్లు మింగినట్టు తేలింది. 37 మిల్లీలీటర్లంటే రెండున్నర టేబుల్‌స్పూన్లు. కెరటాల్లో ఇంకొంచెం ఎక్కువే అనుకోండి. చెవికి వ్యాజిలిన్ రాసిన దూది ఇంట్లో తలస్నానానికి పనికొస్తుంది, కెరటానికి ఆగదు. మోకాలి లోతులో, మీ చేయి పట్టుకుని నిలబడితే చాలు. చెవి తడిసి కారడం మొదలైతే నూనె పోయొద్దు. మందుల షాపులో అడిగి ఏవో చుక్కలు వేయొద్దు. చిల్లున్న చెవిలో జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్న చుక్కలు వినికిడిని దెబ్బతీయొచ్చు.

ఆచమనం మాట ఎవరూ అడగరు. మినపగింజ మునిగేంత నీళ్లే కదా అనుకుంటాం, అవి కాలువ నీళ్లయితే ఆ కాస్తా ఎక్కువే. ఇంటి నీళ్లతోనే చేయండి. తడి ఇసుకలో క్రిములు నీళ్లలో కంటే ఎక్కువ ఉండొచ్చు. దీపాలు వదిలి అదే చేత్తో పులిహోర పొట్లం విప్పకండి. శానిటైజర్ ఇసుక అంటిన చేతికి పని చేయదు, సబ్బు కావాలి.

కృష్ణా స్నానం ఇంతకంటే మేలని అనలేను. వరదలో వచ్చేదీ ఇదే మురుగు, పైగా క్రిముల్ని తగ్గించే ఉప్పు ఉండదు. ఎలుక మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ ముఖ్యంగా మంచినీటి జబ్బు. వెళితే ఘాట్‌లో షవర్లు ఉన్నాయేమో చూసుకుని వాటి కింద కానివ్వండి. నదిలో దిగితే నెల రోజుల్లోపు, ఎక్కువగా 5 నుంచి 14 రోజుల మధ్య జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టర్‌కు స్నానం సంగతి చెప్పండి.

విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్లలో ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి మొత్తం కలపాలి. గ్లాసు నీళ్లలో చెంచాడు వేసుకోవడం తప్పు. బాబుకు విరేచనమైన ప్రతిసారీ 100–200 మిల్లీలీటర్లు. వాంతైతే పది నిమిషాలాగి, చెంచాతో మెల్లగా మళ్లీ పట్టండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీటికి తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. పండ్ల రుచుల డబ్బా పానీయాలు ఓఆర్ఎస్ కావు. పిల్లాడికి విరేచనాలు కట్టే లోపరమైడ్ మాత్ర వేయొద్దు. రక్తం పడినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

బయలుదేరేటప్పుడు కారు డిక్కీలో ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్, మగ్గు, సబ్బు, పొడి బట్టలు పెట్టుకోండి. నీళ్లలోంచి వచ్చిన వెంటనే అక్కడే ఒళ్లు కడుక్కోవాలి, గుంటూరు వచ్చాక కాదు.