వెన్నుపాము గాయానికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు: పొలం అమ్మి చేయించవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 31 ఏళ్లు. గీత కార్మికుడు. ఏడాది కిందట తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నుపూస విరిగింది. రాడ్లు వేసి ఆపరేషన్ చేశారు. కాళ్లలో కదలిక, స్పర్శ లేవు. మూత్రం వస్తున్నట్లు తెలియదు. మూడు విడతలు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు చేస్తే నడుస్తాడని, ఎనిమిది లక్షలు అవుతుందని ఒక సెంటరు వారు చెప్పారు. ఉన్న అరెకరం అమ్మి చేయించమంటారా?
- ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: పొలం అమ్మకండి.

స్టెమ్ సెల్స్‌తో (వేరే రకాల కణాలుగా మారగల మూల కణాలతో) మన దేశంలో మామూలుగా చేయడానికి అనుమతి ఉన్నది ప్రధానంగా రక్త క్యాన్సర్లు, తలసీమియా వంటి జబ్బులకు చేసే ఎముక మజ్జ మార్పిడికి. మెదడు, వెన్నుపాము గాయాలకు ఇది ఇంకా పరిశోధనే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్‌లో (రోగులపై చేసే ప్రయోగ అధ్యయనంలో) తప్ప ఇవ్వకూడదు. ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ఆ సెంటరు వారిని సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు సంఖ్య అడగండి. సంఖ్యకు బదులు, లేచి నడుస్తున్న రోగి వీడియో చూపిస్తే ఇంటికి వచ్చేయండి.

జపాన్‌లో చేస్తున్నారు కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. నిజమే. రోగి సొంత మజ్జ కణాలను పెంచి రక్తనాళంలోకి ఎక్కించే చికిత్సకు అక్కడ 2018 చివర్లో షరతులతో అనుమతి ఇచ్చారు. దాని వెనుక ఉన్నది పోల్చి చూసే వర్గం లేకుండా 13 మందిపై చేసిన అధ్యయనం. అందుకే విమర్శలూ వచ్చాయి. అక్కడి కియో విశ్వవిద్యాలయం ఐపీఎస్ కణాల (మామూలు కణాలను ల్యాబ్‌లో మళ్లీ మూల కణాలుగా మార్చినవి) నుంచి తయారుచేసిన నాడీ పూర్వ కణాలను నలుగురి వెన్నుపాములో అమర్చి 2025లో ఫలితాలు చెప్పింది. ఇద్దరికి కదలిక మెరుగుపడింది, వారిలో ఒకరు నిలబడగలిగారు. అయితే ఆ నలుగురికీ దెబ్బ తగిలిన రెండు నుంచి నాలుగు వారాల్లోనే చేశారు. మొదటి నెలల్లో కొంత కదలిక దానంతట అదే తిరిగి వచ్చే అవకాశం ఉంది కాబట్టి, ఎంత కణాల వల్ల, ఎంత సహజంగా అన్నది తేలలేదు. ఏడాది గడిచిన గాయానికి ఆ ఫలితాలు వర్తించవు. అక్కడ ఇప్పటికే మచ్చ కణజాలం గట్టిపడి ఉంటుంది.

పోతే డబ్బే పోతుంది అనుకోవడానికీ లేదు. పోర్చుగల్‌లో ముక్కు లోపలి పొర కణాలను వెన్నులో అమర్చిన ఒక యువతికి ఎనిమిదేళ్ల తరవాత అదే చోట చిక్కటి శ్లేష్మం ఊరే గడ్డ పెరిగింది. ఆపరేషన్ చేసి తీయాల్సి వచ్చింది.

మీ తమ్ముడి విషయంలో నా భయమల్లా కిడ్నీలు, పుండ్ల గురించే. మూత్రం సంచి ఎప్పుడూ తగిలించి ఉంచుతున్నారా? నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన గొట్టంతో తానే మూత్రం తీసుకోవడం నేర్పించమని యూరాలజిస్టును అడగండి. ఏటా కిడ్నీల స్కానింగ్, క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) తప్పవు. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. పిరుదులు, మడమల మీద ఎర్రటి మచ్చ నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్లే, ఆ వైపు బరువు పడనివ్వకండి. చెట్లెక్కిన చేతులు కాబట్టి, ఫిజియోథెరపిస్టు నేర్పితే మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి తానే మారగలడు.

వైకల్య ధ్రువపత్రం (సదరం లేదా యూడీఐడీ) తీసుకున్నారో లేదో రాయలేదు. వికలాంగుల పింఛనుకు అది కావాలి. చెట్టు మీద నుంచి పడి శాశ్వత వైకల్యం వచ్చిన గీత కార్మికులకు ఎక్స్‌గ్రేషియా కూడా ఉంది, మీ సొసైటీలో ఈ వారమే కనుక్కోండి.