మిద్దె ఎక్కే ముందు

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, నీ మేనకోడలు నాలుగున్నరకే అలారం పెట్టుకుని ఉపగ్రహాలు చూస్తానని మిద్దె ఎక్కుతోంది, నువ్వైనా చెప్పు" అన్నాడు. ముందు పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక దడ మొదలైంది. ఆ మిద్దెకి తూర్పువైపు పిట్టగోడ ఇవాళ్టికీ లేదు కదే!

మామూలు సంగతులు నీకు తెలిసినవే. మిణుకుమిణుకుమంటే నక్షత్రం, నిలకడగా వెలిగితే గ్రహం. ఆరుతూ వెలుగుతూ పోయేది విమానం, ఆరకుండా జారిపోయేది ఉపగ్రహం. చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది, ఆ ఫోన్ కాస్త పక్కన పెట్టు. శాలువా మర్చిపోకు.

అంతరిక్ష కేంద్రం మాత్రం ఒక తమాషా చేస్తుంది. సాయంత్రం పూట పడమట బయల్దేరి, తూర్పుకి వెళ్తూ వెళ్తూ భూమి నీడలో పడి ఆరిపోతుంది. తెల్లవారుజామున దీనికి తలకిందులు. ఏమీ లేనిచోట, ఒక్కోసారి సరిగ్గా నడినెత్తిన, ఎవరో స్విచ్ వేసినట్టు వెలుగుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున వాళ్లకి అప్పటికే ఎండ వచ్చేసి ఉంటుంది మరి.

ఆ నడినెత్తి చూపే నన్ను ముంచింది.

1979 జూన్. నేను తొమ్మిదో తరగతి పూర్తిచేసిన ఏడాది. స్కైలాబ్ అని అమెరికా వాళ్ల 77 టన్నుల అంతరిక్ష కేంద్రం, అది ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఎలాగూ పోతాం కదా అని ఊళ్లో కోళ్లు కోసుకు తింటున్నారు. పక్కింటి అవ్వ దాచుకున్న నెయ్యంతా మనవళ్లకి పోసేసింది. నాకేమో పడేలోపు దాన్ని ఒక్కసారి చూడాలని. నాలుగు రోజులు మబ్బే. అయిదోనాడు తెల్లవారుజామున నైరుతి నుంచి ఒక చుక్క లేచింది. అది స్కైలాబో మరొకటో, నాకైతే స్కైలాబే. నెత్తి మీదికి వస్తుంటే తల వెనక్కి వాల్చి చూస్తూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోయాను. ఎటు? తూర్పుకే.

గడ్డివామి మీద పడ్డాను కాబట్టి ఈ జాబు రాస్తున్నాను. వాకిట్లో నిద్రపోతున్న మీ నాన్న, అప్పుడు వాడికి ఆరేళ్లు, ఆ చప్పుడుకి లేచి "స్కైలాబ్ పడిందీ" అని అరిచాడు. వీధి వీధంతా లేచింది. గేదె తాడు తెంపుకుంది. చెయ్యి విరిగింది, పుత్తూరు కట్టు కట్టించుకొచ్చారు. జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ పడమటి ఆస్ట్రేలియాలోనూ పడిందని రేడియోలో చెప్పేనాటికి నా కట్టు ఇంకా విప్పలేదు. తాతయ్య ఒక్క మాట అనలేదు. మీ నాయనమ్మ మాత్రం మిద్దె మెట్లకి తాళం వేసింది. నా పెళ్లిదాకా తియ్యలేదు. చెయ్యి నొప్పి ఎప్పుడో పోయిందిగానీ, ఆ తాళం మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఇంకొకటి, నవ్వకు. బుధుడు సూర్యుణ్ణి 28 డిగ్రీలకి మించి వదిలి రాడు, దొరికేది వేకువలో కాసేపే. ఆ ఆత్రంలో బైనాక్యులర్ పట్టుకునే ఉంటే కొండ వెనక నుంచి సూర్యుడు కంట్లోకే వస్తాడు. సూర్యోదయం ఎన్నింటికో ముందే చూసుకుని, అందుకు పావుగంట ముందే దాన్ని సంచిలో పెట్టెయ్. వేగుచుక్కకి ఏ అద్దాలూ అక్కర్లేదు, దాన్ని చూస్తూ కూర్చో. గురుడు పైకి వచ్చి ఉన్న నెలల్లో మాత్రం మోచేతులు నీళ్ల ట్యాంకు మీద ఆనించి చూడు, పక్కనే ఒక వరసలో నాలుగు చుక్కలు, ఆయన సొంత ఉపగ్రహాలు.

ఇటుకలకీ సిమెంటుకీ డబ్బు మీ నాన్నకి పంపాను. గోడ లేచేదాకా మిద్దె నడుమ మంచం వేసుకుని వెల్లకిలా పడుకుని చూడు. దిక్కు మారాలంటే మంచం తిప్పుకో, నువ్వు మాత్రం నడవకు. ఆ అంతరిక్ష కేంద్రం తూర్పున ఎక్కడ దిగుతుందో, మామిడితోపు మీదుగానా, కొండ పక్కగానా, చివరిదాకా చూసి నాకు ఫోన్ చెయ్. నేను చూడలేకపోయింది అదే.

మీ అత్త