పాప మోచేతి మడతల్లో దురద: కలబందా, కొబ్బరినూనా?

కూకట్‌పల్లిలో ఉంటామనీ, చలి మొదలవగానే నాలుగేళ్ల పాపకు మోచేతి, మోకాలి మడతలు ఎర్రబడి దురదపెడుతున్నాయనీ, డాక్టరు ఎగ్జిమా అన్నారనీ, మేడ మీది కలబంద రాస్తే మంటంటోందనీ రాశారు.

ఆ మంట చాలామటుకు పసుపుపచ్చ పసరుది. మట్ట కోయగానే తొక్క కిందనుంచి కారేది అదే. అందులోని అలోయిన్ అనే పదార్థం చర్మానికి పడదు. కోసిన వైపు కిందికి ఉండేలా మట్టను గ్లాసులో పావుగంట నిలబెట్టి, కడిగి, తొక్కను మందంగా చెక్కేసి, లోపలి గుజ్జు మాత్రమే తీయాలి. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులు దాటితే పారేయండి. ఇంత చేసినా కలబంద చల్లబరుస్తుందే గాని తేమను నిలపదు. దాదాపు అంతా నీరే, కాసేపటికి ఆరిపోయి చర్మం బిగుసుకుంటుంది. చర్మం పగిలిన చోట అసలు వద్దు.

పాపకు ముందు కావాల్సింది నూనె. వాసనలేవీ కలపని గానుగ కొబ్బరినూనె మంచిది. గోరువెచ్చని నీళ్లతో 5 నుంచి 10 నిమిషాల్లో స్నానం ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్లింకా చెమ్మగా ఉండగానే, అంటే 3 నిమిషాల లోపు, రాసేయాలి. అసలు కిటుకు ఇదే. పూర్తిగా ఆరాక రాస్తే లోపల ఆపడానికి తేమే ఉండదు, పైన జిడ్డు మిగులుతుంది. చేతులకూ కాళ్లకూ కలిపి ఒక చిన్న చెంచాడు చాలు, రోజుకు రెండుసార్లు. డిసెంబరులో నూనె పేరుకుంటుంది, అరచేతుల మధ్య కరిగించుకోండి. వెంట్రుకలు వాలిన వైపే నిమరండి. ఎదురు మర్దనా చేస్తే కుదుళ్ల దగ్గర పొక్కులు లేస్తాయి.

ఆలివ్ నూనె ఖరీదైనదని మంచిదనుకోకండి. అందులో ఎక్కువగా ఉండే ఒలీక్ ఆమ్లం చర్మపు పైపొరను బలహీనపరుస్తుంది. ఆవనూనె, నిమ్మరసం, సున్నిపిండితో నలుగు కూడా ఇప్పుడు వద్దు.

దురద ఎక్కువైన రోజున ఓట్స్ నీళ్లు. మసాలా కలపనివి 3 పెద్ద చెంచాలు మెత్తగా పొడి చేసి, ముందు చిటికెడు గ్లాసు నీళ్లలో వేసి చూడండి. పాలలా తెల్లబడాలి, అడుగున పేరుకుంటే ఇంకా మెత్తగా పట్టాలి. బకెట్ నీళ్లలో కలిపి చివర్లో పోయండి. నేల బాగా జారుతుంది, పాపను వదలకండి.

బోరు నీళ్లయితే మామూలు సబ్బు తెట్టుకట్టి చర్మం మీదే మిగులుతుంది. ఘాటు లేని సిండెట్ బార్ (సబ్బులా ఉండే, సబ్బు కాని బిళ్ల) వాడండి.

ఏది కొత్తగా మొదలుపెట్టినా, చర్మం బాగున్న చోట రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు వారం పాటు రాసి చూడాలి.

డాక్టరు రాసిన మందును మాత్రం నూనె ఉందని మానొద్దు. రసి కారినా, తేనెరంగు చెక్కు కట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే చూపించండి. అంచు లేచి మధ్యలో తేరుకున్న గుండ్రటి మచ్చలైతే అది ఫంగస్ తామర కావచ్చు, నూనెలతో పోదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే ఎరుపు తగ్గినట్టే ఉండి, లోలోపల అది ఇంకా పాకుతుంది.