తండ్రి మౌనం ఆ అబ్బాయికి అర్థం కాదు

హన్మకొండ నుంచి ఉత్తరం రాసిన అమ్మగారికి,

ఇరవై మూడేళ్ల మీ అబ్బాయి ఇంజినీరింగ్ మూడో ఏట గంజాయికి అలవాటు పడ్డాడని, సద్దుల బతుకమ్మ నాడు మీరు అన్నం వడ్డిస్తూ కన్నీళ్లు పెట్టుకుంటే ‘ఇప్పుడేమన్న, ఎందుకట్ల గుర్రుమంటున్నవ్?’ అని కంచం తోసేసి లేచిపోయాడని, పెళ్లి చేస్తే దారికొస్తాడా అని రాశారు.

పెళ్లి మాట ఇప్పుడు ఎత్తకండి. మన బిడ్డ జబ్బుకు మందుగా మరొకరి బిడ్డను తెచ్చుకునే హక్కు మనకు లేదు.

కంచం దగ్గర వాడన్న మాటను మీరు పొగరనుకున్నారు. చాలాకాలం మద్యానికి, గంజాయికి, హెరాయిన్ వంటి వాటికి అలవాటైనవారిలో చాలామంది ఎదుటి ముఖంలోని దుఃఖాన్ని, భయాన్ని సరిగా పోల్చుకోలేరని, లేని కోపాన్ని చూసే వారూ ఉన్నారని ముఖాల ఫొటోలు చూపించి చేసిన పరిశోధనల్లో తేలింది. తన మనసులో రేగేది దిగులో కోపమో తానే చెప్పలేని స్థితికి పీటర్ సిఫ్నియోస్ అనే వైద్యుడు 1970లలో అలెక్సిథైమియా అని పేరు పెట్టారు; వ్యసనాల్లో పడినవారిలో అదీ ఎక్కువే, కొందరిలో మత్తు కంటే ముందే ఉంటుంది. మీ కన్నీళ్లు వాడికి కోపంగా కనిపించి ఉండవచ్చు. మత్తు మానేశాక, ఎదుటి ముఖాన్ని చదవలేని ఈ లోపం కొందరిలో కొంతవరకు తగ్గుతుంది కానీ, అందుకు నెలలు పట్టవచ్చు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతే నన్ను కలవరపెట్టింది. మీ వారు ఎనిమిది నెలలుగా కొడుకుతో మాట్లాడటం లేదు, ఏదున్నా ‘వానికి చెప్పు’ అని మీతోనే అంటున్నారు. మన ఇళ్లలో తండ్రి ముఖం ముడుచుకుంటే పిల్లలు అర్థం చేసుకోవాలనుకుంటాం. ముఖాలు పోల్చుకోలేని కొడుక్కి ఆ మౌనంలోని బాధ చేరదు, తనను వద్దనుకున్నారన్నదే చేరుతుంది. కొడుక్కి జ్వరమొస్తే అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తే మనిషి ఈ జబ్బుకు మాత్రం పేపరు అడ్డం పెట్టుకుని కూర్చోవడాన్ని నేను పౌరుషమనుకోను, బాధ్యత వదిలేయడమే అంటాను.

ఈ జవాబు ఆయనతో చదివించండి. వాడు మత్తులో లేని ఒక ఉదయం పక్కన కూర్చుని, ‘కోపం కాదు బిడ్డా, నీకేమైతదోనని భయమైతుంది’ అని నోటితో చెప్పాలి. వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి ఆయనే వెంటబెట్టుకుని వెళ్లాలి. ముందుగా మాట్లాడాలనిపిస్తే వ్యసన విముక్తికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది.

ఈసారి ఆయన ‘వానికి చెప్పు’ అంటే మాత్రం మీరు ఆ మాట చేరవేయకండి. వాడు పక్క గదిలోనే ఉన్నాడని ఆయనకు చెప్పండి.